గాండీవం ఎప్పుడు దించాలి?

తొడలు విరిగి దుర్యోధనుడు నేలకూలాక పాండవులు కౌరవ శిబిరానికి వెళ్లారు. అక్కడ కృష్ణుడు అర్జునుడితో ఒక వింత మాట అన్నాడు. ముందు నువ్వు దిగు, గాండీవాన్నీ అమ్ములపొదులనూ దించుకో, ఆ తర్వాత నేను దిగుతాను అని. అర్జునుడు దిగాడు. పగ్గాలు వదిలి కృష్ణుడు దిగాడు. జెండా మీది కపి మాయమయ్యాడు. మరుక్షణం ఆ రథం గుర్రాలతో, కాడితో సహా భగ్గున మండి బూడిదైంది. నిర్ఘాంతపోయిన అర్జునుడికి కృష్ణుడు చెప్పిన కారణం శల్యపర్వంలో ఉంది. ద్రోణుడి అస్త్రాలకూ కర్ణుడి అస్త్రాలకూ ఆ రథం ఎప్పుడో కాలిపోయింది. తాను మీద కూర్చుని ఉన్నందువల్లే ఇన్నాళ్లూ విడిపోకుండా నిలిచింది. చేయాల్సిన పని పూర్తయింది కాబట్టి ఇప్పుడు వదిలేశాడు.

ఒక ఆయుధం పనికొస్తుంది అన్నప్పుడు ఆ పనికొచ్చే గుణం ఎక్కడ ఉన్నట్టు? చక్రంలోనా, ఇరుసులోనా, తోలేవాడిలోనా, ఎదుటివాడి బలహీనతలోనా? భారతం లేవనెత్తిన ఈ ప్రశ్న ఇవాళ వేరే వేషంలో తిరుగుతోంది. యాభై ఏళ్ల నాటి భూతల దాడి విమానాలు ఇంకా ఎందుకు ఎగురుతున్నాయి, ఎన్నాళ్లు ఎగరాలి అన్నది అమెరికా కాంగ్రెస్‌లో బడ్జెట్ తగాదా. మన దగ్గర స్క్వాడ్రన్ల కొరత లెక్క. యుక్రెయిన్‌లో చావుబతుకుల సంగతి. ఆ లెక్కలన్నిటి అడుగునా ఉన్నది ఆ పాత ప్రశ్నే.

వీటిలో అందరి నోళ్లలో నానిన విమానం అమెరికా ఏ-10. ఫెయిర్‌చైల్డ్ రిపబ్లిక్ కంపెనీ తయారుచేసిన దీని తొలి నమూనా 1972 మే 10న గాల్లోకి లేచింది. అధికారిక నామం థండర్‌బోల్ట్ 2. సైనికులు పెట్టుకున్న పేరు వార్ట్‌హాగ్. అంటే మొహమంతా బుడిపెలుండే ఆఫ్రికా అడవిపంది. ముందు ఏడు గొట్టాల 30 మిల్లీమీటర్ల తుపాకీని పెట్టుకుని, దాని చుట్టూ విమానాన్ని కట్టారంటే అతిశయోక్తి కాదు. ఆ తుపాకీ నిమిషానికి 3,900 గుళ్ల వేగంతో కాలుస్తుంది. విమానంలో పట్టేవి 1,174 గుళ్లు. ఆపకుండా కాలిస్తే పద్దెనిమిది సెకన్లలో అయిపోతాయి. అందుకే పైలట్లు ఒకటి రెండు సెకన్ల చొప్పున పొదుపుగా వాడతారు. పైలట్ కూర్చునే చోటు చుట్టూ టైటానియం తొట్టె ఉంటుంది. ఆ తొట్టె బరువే దాదాపు 540 కిలోలు. ఇంజిన్లు రెండూ తోకవైపు, ఎత్తులో, ఒకదానికొకటి ఎడంగా ఉంటాయి. ఒకటి దెబ్బతింటే రెండోది ఇంటికి చేర్చాలని. హైడ్రాలిక్ వ్యవస్థలు రెండూ పోతే చేతి బలంతోనే నడిపే ఏర్పాటు ఉంది. ఎడమవైపు చక్రాల కాలు కుడివైపు కూడా సరిపోతుంది. దెబ్బ తగలక తప్పదని ముందే ఒప్పుకుని, తగిలాక ఎలా బతకాలో ఆలోచించి చేసిన యంత్రమిది.

2003 ఏప్రిల్ 7న బాగ్దాద్ మీద ఆ ఆలోచనకు పరీక్ష ఎదురైంది. కెప్టెన్ కిమ్ క్యాంప్‌బెల్ నడుపుతున్న ఏ-10 తోక భాగాన్ని నేలనుంచి వచ్చిన దెబ్బ తూట్లు పొడిచింది. హైడ్రాలిక్స్ పూర్తిగా పోయాయి. ఆమె చేతి బలంతో నడిపే పద్ధతికి మారి, గంటసేపు ఆ విమానాన్ని మోసుకొచ్చినట్టు తెచ్చి, క్షేమంగా దించింది. కాలిపోయిన రథం ఆ గంటసేపు ఎవరి వల్ల నిలిచిందని అడిగితే, ఆమె చేతుల వల్ల అని ఒక జవాబు. ముప్పై ఏళ్ల క్రితం అన్ని వ్యవస్థలూ పోయిన రోజును ఊహించి డ్రాయింగ్ బల్ల ముందు కూర్చున్న ఇంజనీర్ల వల్ల అని ఇంకో జవాబు. రెండూ నిజమే.

ఈ విమానాన్ని పుట్టించిన యుద్ధం అసలు జరగనే లేదు. పశ్చిమ జర్మనీలోకి సోవియట్ ట్యాంకులు దండుగా వస్తాయని, వాటిని పైనుంచి తునాతునకలు చేయాలని దీన్ని చేశారు. ఆ ట్యాంకులు రాలేదు. 716 విమానాలు చేశాక 1984లో ఉత్పత్తి ఆగిపోయింది. 1987లో ఫెయిర్‌చైల్డ్ రిపబ్లిక్ సంస్థే మూతపడింది. కన్నవారు పోయారు, చేయాల్సిన పని ఎదురుపడలేదు. అప్పటికే వైమానిక దళం దీన్ని పక్కనపెట్టి, ఎఫ్-16లోనే ఒక రకంతో ఆ పని చేయించాలని చూస్తోంది. అంతలో 1991లో గల్ఫ్ యుద్ధం వచ్చింది. వైమానిక దళం లెక్క ప్రకారం ఏ-10లు ఆ యుద్ధంలో 900కు పైగా ఇరాకీ ట్యాంకులను, 2,000 ఇతర సైనిక వాహనాలను, 1,200 ఫిరంగులను ధ్వంసం చేశాయి. జర్మనీ అడవుల కోసం పుట్టిన విమానం ఎడారిలో పేరు తెచ్చుకుంది. ఆ తర్వాత బోస్నియా, కొసావో, అఫ్ఘానిస్తాన్, మళ్లీ ఇరాక్, సిరియా. ఏ పనికోసం చేశారో ఆ పని ఎప్పుడూ దొరకని యంత్రానికి, ఎవరూ అనుకోని పనులు ముప్పై ఏళ్లపాటు దొరికాయి.

ఇంతకీ ఇది ‘అదే’ విమానమా?

ఏ-10 రెక్కలు అరిగిపోతే కొత్తవి చేయమని 2007లో బోయింగ్‌కు కాంట్రాక్టు ఇచ్చారు. 2019 నాటికి 173 విమానాలకు కొత్త రెక్కలు అమర్చారు. అదే ఏడాది మరికొన్నిటికి ఇంకో కాంట్రాక్టు కుదిరింది. అంతకుముందే గడియారపు ముళ్ల లాంటి పాత సూచికలున్న కాక్‌పిట్ స్థానంలో తెరలు వచ్చాయి. గురిచూసే పరికరాలు, రేడియోలు, కంప్యూటర్లు మారాయి. విమానం పేరు ఏ-10సి అయింది. మరోవైపు అరిజోనాలోని టూసాన్ పక్కన, పొడి ఎడారి గాలిలో, డేవిస్-మోంథన్ స్థావరంలో రిటైరైన విమానాల పెద్ద మైదానం ఉంది. అక్కడ నిలబడిపోయిన ఏ-10ల నుంచి విడిభాగాలు తీసి ఎగిరేవాటికి తగిలిస్తారు. ఒకదాని అవయవాలు ఇంకోదానిలో బతుకుతాయి.

బౌద్ధ గ్రంథమైన మిలింద ప్రశ్నల్లో భిక్షువు నాగసేనుడు గ్రీకు రాజును సరిగ్గా ఇక్కడే పట్టుకున్నాడు. నువ్వు రథమెక్కి వచ్చానంటున్నావు, మరి రథమంటే ఇరుసా, చక్రాలా, కాడా, పగ్గాలా అని ఒక్కొక్కటే అడిగి, ఏదీ కాదనిపించాడు. ఇన్నిటి కూడికకు లోకం వాడుకునే పేరే రథమని రాజు చేతే ఒప్పించాడు. ఆ రథానికి పేరు ఎంతో మనిషికి పేరూ అంతే అన్నది నాగసేనుడి వాదం. తర్కసంగ్రహం చదువుకున్నవాళ్లు దీన్ని ఒప్పుకోరు. న్యాయవైశేషికుల దృష్టిలో అవయవాల కంటే వేరుగా అవయవి ఉంది. వస్త్రం దారాల గుంపు కాదు, దారాల్లో ఉండే వేరే ద్రవ్యం. అయితే వాళ్ల లెక్కలో ఒక అవయవం తీసేస్తే పాత అవయవి నశించి కొత్తది పుడుతుంది. ఆ ప్రకారం రెక్క మార్చుకున్న రోజున ప్రతి ఏ-10 చచ్చి పుట్టినట్టే.

నాగసేనుడి మాట విన్నా, నైయాయికుల మాట విన్నా, ‘పాత విమానం’ అన్న పదం ఒక్కసారిగా బరువు కోల్పోతుంది. వయసు పాతదే, రెక్క కొత్తది, కంప్యూటర్ ఇంకా కొత్తది, నడిపే పైలట్ విమానం కంటే చిన్నవాడు. తోక మీది నంబరు మాత్రం మొదటినుంచీ ఉన్నదే. కాబట్టి పాతదా కొత్తదా అన్న వాదనతో ఏమీ తేలదు. తేల్చాల్సింది, ఇన్ని ముక్కలను కలిపి పట్టుకుని ఇంకా ఎగరనిస్తున్నది ఏమిటన్నది.

కృష్ణానది ఒడ్డున శ్రీపర్వతంతో, నేటి నాగార్జునకొండతో, సంప్రదాయం ముడిపెట్టే ఆచార్య నాగార్జునుడు దీనికి తోడ్పడతాడు. ఏ వస్తువుకూ తనంతట తానుగా నిలిచే స్వభావం లేదని, ప్రతిదీ ఇంకొన్నిటి మీద ఆధారపడే ఏర్పడుతుందని ఆయన వాదించాడు. ఆయన మాట్లాడింది యుద్ధ యంత్రాల గురించి కాదు. అయినా ఆ చూపుతో చూస్తే ఏ-10 ఉపయోగం తుపాకీలో కనిపించదు, టైటానియంలో కనిపించదు. శత్రువుకు క్షిపణులు లేని ఆకాశం, పక్కనే కాపలా కాసే ఫైటర్ విమానాలు, నేలమీద రేడియో పట్టుకుని లక్ష్యం ఎక్కడుందో చెప్పే సైనికుడు, రాత్రంతా హ్యాంగర్లో పనిచేసే మెకానిక్, విడిభాగాలకు డబ్బు మంజూరు చేసే కాంగ్రెస్ సభ్యుడు, ఇవన్నీ ఒకేసారి సమకూరినప్పుడే ఆ ఉపయోగం పుడుతుంది. వీటిలో ఒక్కటి తప్పుకున్నా రథం బూడిదే.

దీనికి ముందు తరం విమానం ఇంకా స్పష్టమైన సాక్షి. ఏ-1 స్కైరైడర్‌ను రెండో ప్రపంచ యుద్ధం చివర్లో రూపొందించారు. 1945 మార్చిలో తొలిసారి ఎగిరింది. ముక్కున పంఖా, లోపల పిస్టన్ ఇంజిన్. జెట్ యుగం వచ్చేసరికి ఇది మ్యూజియం సరుకని అనుకున్నారు. వియత్నాంలో మాత్రం జెట్లు అడవి మీదినుంచి రెప్పపాటులో దాటిపోయేవి, కింద ఏముందో చూసే వ్యవధి ఉండేది కాదు. స్కైరైడర్ నెమ్మదిగా, గంటలకొద్దీ, ఒకేచోట చుట్లు కొట్టగలిగేది. కూలిన విమానాల పైలట్లను తీసుకురావడానికి వెళ్లే హెలికాప్టర్లకు అదే కాపలా. ఆ పనికి వాళ్ల రేడియో పేరు ‘శాండీ’. ఆ పనితో పాటు ఆ పేరు కూడా తర్వాత ఏ-10 పైలట్లకు వచ్చింది. ఒక లోపం, అంటే నిదానం, వేరే సందర్భంలో గుణమైంది. లోపమూ గుణమూ విమానంలో లేవు, ఆ అడవికీ ఆ పైలట్ కోసం వెతికే కళ్లకూ మధ్య ఉన్నాయి.

ఇదే మాటను తిరగేసి చెప్పే కథ మౌసల పర్వంలో ఉంది. యాదవులు నశించాక ద్వారకలో మిగిలిన స్త్రీలను, పిల్లలను, వృద్ధులను అర్జునుడు ఇంద్రప్రస్థానికి తీసుకెళుతుంటాడు. దారిలో ఆభీరులు కర్రలతో వచ్చి పడతారు. వాళ్లు భీష్మద్రోణులు కారు, దారిదోపిడీ దొంగలు. అర్జునుడు గాండీవాన్ని ఎక్కుపెట్టడానికే కష్టపడ్డాడు. దివ్యాస్త్రాలు గుర్తుకు రాలేదు. అక్షయమైన అమ్ములపొదులు ఖాళీ అయిపోయాయి. చివరికి వింటి కొనతోనే కొట్టాడు. అతడి కళ్లముందే స్త్రీలను ఎత్తుకుపోయారు. విల్లు అదే, చేతులు అవే. నమ్ముకున్న మనుషులు మాత్రం దిక్కులేనివాళ్లయ్యారు. తర్వాత వ్యాసుడు అతడిని ఓదారుస్తూ, ఆ అస్త్రాలు తమ పని ముగించుకుని వచ్చిన దారినే వెళ్లిపోయాయని చెప్పాడు.

గల్ఫ్ యుద్ధంలోనే, ట్యాంకుల లెక్కలు పెరుగుతున్న రోజుల్లోనే, ఏ-10కు ఈ అనుభవం ఎదురైంది. ముందు వరుసలోని ఇరాకీ దళాల మీద అది చెలరేగింది. గట్టి విమాన విధ్వంసక రక్షణ ఉన్న రిపబ్లికన్ గార్డ్ దళాల మీదికి పంపితే 1991 ఫిబ్రవరి 15న ఒక్కరోజే రెండు విమానాలు కూలాయి. వాయుసేనల కమాండర్ చార్లెస్ హార్నర్ వాటిని ఆ లక్ష్యాల నుంచి వెనక్కి రప్పించాడు. కొన్ని పదుల కిలోమీటర్ల దూరంలో ఆకాశం మారింది, దానితో విమానం విలువా మారింది. ఏ-10ని పొగిడేవాళ్లు 900 ట్యాంకుల సంగతి చెబుతారు, తీసేయమనేవాళ్లు ఫిబ్రవరి 15 సంగతి చెబుతారు. రెండు పక్షాలూ ఆ గుణాన్ని విమానం లోపలే వెతుకుతున్నాయి.

ఈ మార్పు ఎంత దూరం వెళ్లగలదో యుక్రెయిన్‌లో చూడవచ్చు. సోవియట్ యూనియన్ ఇదే పనికి చేసిన విమానం సుఖోయ్-25. తొలిసారి ఎగిరింది 1975లో. అఫ్ఘాన్ కొండల్లో సోవియట్ దళాలకు తోడుగా రాటుదేలింది. 2022 నుంచి జరుగుతున్న యుద్ధంలో రష్యా, యుక్రెయిన్ రెండూ దాన్నే వాడుతున్నాయి. ఒకే దేశం చేసిన అన్నదమ్ముల్లాంటి విమానాలు ఎదురెదురుగా నిలిచాయి. భుజం మీంచి పేల్చే క్షిపణులు, రాడార్‌తో నడిచే క్షిపణులు అంతటా ఉన్న ఆ ఆకాశంలో అవి లక్ష్యం మీదికి వెళ్లలేకపోతున్నాయి. చెట్ల ఎత్తున దూసుకొచ్చి, హఠాత్తుగా ముక్కు పైకెత్తి, రాకెట్లను దూరంగా విసిరేసి వెనక్కి తిరుగుతున్నాయి. కంటితో చూసి కొట్టడానికి పుట్టిన విమానం, చూడకుండా విసిరి పారిపోయే పనికి మారింది. పనికొస్తూనే ఉంది, కానీ ఆ పని వేరు. రెండువైపులా చాలా విమానాలు, చాలామంది పైలట్లు పోయారు.

చూడటం అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. ఇలాంటి విమానాల పక్షాన వినిపించే వాదనల్లో నైతికంగా అన్నిటికన్నా బలమైనది అదే. నెమ్మదిగా, తక్కువ ఎత్తులో ఎగిరే పైలట్ కింద ఎవరున్నారో కళ్లతో చూస్తాడు, కాబట్టి తప్పు తక్కువ జరుగుతుంది అంటారు. గీత మొదటి అధ్యాయంలో అర్జునుడు కోరింది కూడా ఇదే. రెండు సేనల మధ్య రథం నిలుపు, ఎవరితో పోరాడాలో చూడాలి అన్నాడు. చూశాడు, చేతులు వణికాయి. దగ్గరగా చూడటం మనిషిని ఆపుతుందన్న నమ్మకం అక్కడినుంచి మనలో ఉంది.

ఆ నమ్మకాన్ని 2003 మార్చి 28న బస్రా దగ్గర జరిగినది గట్టిగా కుదుపుతుంది. బ్రిటిష్ సాయుధ వాహనాల మీద, మిత్రులని తెలియడానికి నారింజ రంగు పలకలు పరిచి ఉన్నాయి. రెండు ఏ-10ల పైలట్లు వాటిని చూశారు. చూసి, నారింజ రంగు రాకెట్లని అనుకున్నారు. వాళ్లలో ఒకరు కాల్చారు. ఒక బ్రిటిష్ సైనికుడు చనిపోయాడు. 2007లో బ్రిటన్‌లో విచారణ జరిపిన కరోనర్ ఆ మరణం చట్టవిరుద్ధమైన హత్యేనని తేల్చాడు. కాక్‌పిట్ రికార్డింగ్ అదే ఏడాది బయటికి వచ్చింది. పొరపాటు తెలిసినప్పుడు ఆ పైలట్లు కుమిలిపోవడం అందులో వినిపిస్తుంది. 2006 సెప్టెంబరులో అఫ్ఘానిస్తాన్‌లో ఒక ఏ-10 పొరపాటున కెనడా సైనికుల మీద కాల్చింది. ఒకరు చనిపోయారు, చాలామంది గాయపడ్డారు. 2003 డిసెంబరులో అఫ్ఘానిస్తాన్‌లోని గజ్నీ రాష్ట్రంలో ఒక తీవ్రవాదిని లక్ష్యం చేసుకుని జరిపిన దాడిలో తొమ్మిదిమంది పిల్లలు చనిపోయారు. ఇవన్నీ ‘చూసే’ విమానం చేసిన పనులు. కన్ను చూస్తుంది, మనసు ముందే అనుకున్నదాన్ని కనుగొంటుంది. రజ్జువులో సర్పాన్ని చూసేవాడి ఉదాహరణ వేదాంతంలో శతాబ్దాలుగా వింటున్నాం. ఆ భ్రాంతికి 30 మిల్లీమీటర్ల తుపాకీ తోడైతే భ్రాంతి తొలగేలోపు ప్రాణం పోతుంది.

అలాగని దూరంనుంచి, కెమెరా తెర ముందు కూర్చుని, డ్రోన్‌తో కొట్టడం మెరుగని దీని అర్థం కాదు. అక్కడా ఇదే భ్రాంతి పనిచేస్తుంది, పైగా ప్రమాదం ఒకవైపే ఉంటుంది. ఇక్కడ తేలేది ఒక్కటే. బాధ్యతను యంత్రం రూపకల్పనకు అప్పగించలేం. ఉపయోగం ఎలా యంత్రంలో లేదో, వివేకం కూడా అందులో లేదు. నిజాయితీగా చెప్పాలంటే అదే విమానం తుపాకీ పేల్చకుండానే ప్రాణాలు కాపాడిన సందర్భాలూ ఉన్నాయి. అఫ్ఘానిస్తాన్‌లో తక్కువ ఎత్తులో ఊరికే దూసుకుపోతే, ఆ చప్పుడుకే దాడి చేస్తున్నవాళ్లు చెదిరిపోయేవాళ్లు. చుట్టుముట్టిన శత్రువుల మధ్య ఇరుక్కున్న సైనికుడికి ఆ చప్పుడు ఎలా వినిపిస్తుందో, కింది గ్రామంలో బిడ్డను హత్తుకున్న తల్లికి ఎలా వినిపిస్తుందో వేరువేరుగా ఊహించుకోవాలి. రెండూ నిజమైన చప్పుళ్లే. పనికొచ్చింది అన్న మాటలో వీళ్లిద్దరిలో ఎవరి చెవి ఉందో అడగకపోతే ఆ మాట అసంపూర్ణం. యుద్ధం ముగిశాక మిగిలేదీ ఉంటుంది. 1999లో కొసావో మీద ఏ-10లు కాల్చిన క్షీణ యురేనియం గుళ్లు దాదాపు 31,000 అని నాటో చెప్పింది. ఆ నేలను పరీక్షించడానికి ఐక్యరాజ్యసమితి పర్యావరణ బృందాలు తర్వాత వెళ్లాల్సి వచ్చింది.

వదులుకోవడం ఇంకో సమస్య. మహాప్రస్థానానికి బయల్దేరినప్పుడు పాండవులు రాజ్యాన్ని, నగలను, అన్నిటినీ వదిలేశారు. అర్జునుడు మాత్రం గాండీవాన్నీ ఆ అమ్ములపొదులనూ వదల్లేదు. కారణాన్ని వ్యాసుడు దాచలేదు. ఆ రత్నం మీది లోభం. దొంగల ముందు ఎత్తడానికే బరువైన విల్లును అతడు సముద్రం దాకా మోసుకెళ్లాడు. అక్కడ అగ్ని దారికి అడ్డంగా నిలబడి, ఖాండవ దహనం నాడు వరుణుడి దగ్గర తెచ్చి ఇచ్చింది తానేనని గుర్తుచేసి, తిరిగి ఇచ్చేయమని అడిగాడు. అన్నదమ్ములు చెప్పాక అర్జునుడు దాన్ని నీళ్లలోకి విసిరాడు.

అమెరికాలో అగ్ని పాత్ర వైమానిక దళానిది. 2014లో అది ఏ-10లన్నిటినీ తీసేస్తామని, అయిదేళ్లలో దాదాపు నాలుగు వందల కోట్ల డాలర్లు మిగులుతాయని చెప్పింది. కాంగ్రెస్ ఒప్పుకోలేదు. సెనేటర్ జాన్ మెక్‌కెయిన్, సెనేటర్ కెల్లీ ఏయాట్, స్వయంగా ఏ-10 నడిపిన మార్థా మెక్‌శాలీ గట్టిగా అడ్డుపడ్డారు. ఆ వాదనలో నిజమైన ఆందోళన ఉంది. కొత్త ఎఫ్-35 చాలా పనులు చేయగలదు, గంటకు ఖర్చు చాలా ఎక్కువ, కింద బురదలో ఉన్న సైనికుడి కోసం అది ఎంతసేపు ఆగుతుంది అన్నది గట్టి ప్రశ్నే. అదే వాదనలో లోభమూ ఉంది. ఏ-10 స్థావరం ఉన్న నియోజకవర్గంలో ఉద్యోగాలు, ఓట్లు, ఆ విమానం మీద పెరిగిన ఒక రకమైన భక్తి. ఈ రెండిటినీ విడదీయడం కష్టం, ఎందుకంటే రెండూ ఒకే మనిషిలో, ఒకే మాటలో ఉంటాయి. అర్జునుడి లోభం కూడా ఉత్త లోభం కాదు. ఆ విల్లుతో కాపాడినవాళ్ల జ్ఞాపకమూ అందులో ఉంది. 2023 నుంచి కాంగ్రెస్ మెట్టు దిగింది, విడతలవారీగా తీసేయడానికి ఒప్పుకుంది. 2025లో వైమానిక దళం మిగిలిన 162 విమానాలనూ 2026లోనే తీసేస్తామని ప్రతిపాదించింది.

మన దేశంలో ఇదే ప్రశ్న జాగ్వార్ రూపంలో ఉంది. ఆంగ్లో-ఫ్రెంచ్ తయారీ అయిన ఈ విమానం 1979లో అంబాలాకు వచ్చింది. ‘శంషేర్’ అని పేరు పెట్టారు. తర్వాత హెచ్ఏఎల్ బెంగళూరులో చేసింది. ఫ్రాన్స్ 2005లో, బ్రిటన్ 2007లో, ఒమన్ 2014లో దీన్ని పక్కన పెట్టేశాయి. ప్రపంచంలో ఇప్పుడు దీన్ని ఎగరేస్తున్నది భారత వైమానిక దళం ఒక్కటే. డారిన్ పేరుతో విడతలుగా కొత్త ఎలక్ట్రానిక్స్ అమర్చారు. ఇంజిన్ మార్చే ప్రయత్నం ఖర్చు ఎక్కువై 2019లో ఆగింది. విడిభాగాల కోసం ఫ్రాన్స్ వదిలేసిన విమానాలను తెప్పించుకున్నారు. టూసాన్ ఎడారి పద్ధతే ఇక్కడా.

2025లో మూడు జాగ్వార్లు కూలాయి. మార్చి 7న హర్యానా కొండల్లో కూలినదాంట్లో పైలట్ బయటపడ్డాడు. ఏప్రిల్ 2న జామ్‌నగర్ దగ్గర ఒక పైలట్, జులై 9న రాజస్థాన్‌లోని చూరు దగ్గర ఇద్దరు పైలట్లు చనిపోయారు. ప్రతి ప్రమాదానికీ దాని కారణం దానిది, అన్నిటినీ వయసు మీదికి తోసేయడం అన్యాయం. అయినా హైదరాబాద్ పక్కన దుండిగల్ అకాడమీలో రెక్కల బ్యాడ్జి తగిలించుకుని బయటికి వచ్చే కుర్రవాళ్లలో కొందరిని మనం ఈ విమానాల్లోకి పంపుతున్నామన్నది నిజం. ఎందుకు పంపుతున్నాం? 2025 సెప్టెంబరు 26న మిగ్-21లు సెలవు తీసుకున్నాక, ఉండాల్సిన 42 ఫైటర్ స్క్వాడ్రన్లలో 29 మాత్రమే మిగిలాయి. తేజస్ కొత్త రకం అనుకున్న సమయానికి రాలేదు. ఏ-10 విషయంలో ‘పనికొస్తుంది’ అంటే ఈ పని ఇది బాగా చేస్తుంది అని. జాగ్వార్ విషయంలో దాని అర్థంలో సగం, ఇంకోటి లేదు అని. ఈ రెండు అర్థాలనూ ఒకే మాట కింద కప్పేయడం పైలట్ల పట్ల న్యాయం కాదు. లోతుకు చొచ్చుకెళ్లి దాడి చేయడంలో జాగ్వార్‌కు నిజమైన సత్తా ఉంది, దాన్ని కాదనక్కర్లేదు. కానీ కొరత పుట్టించిన ఉపయోగాన్ని గుణంగా పొగిడితే, ఆ కొరతకు కారకులైనవాళ్లు జవాబు చెప్పకుండా తప్పించుకుంటారు. కాలిన రథాన్ని కూర్చుని నిలబెట్టడం కృష్ణుడికి సాధ్యమైంది, ఎందుకంటే అది కాలిందని ఆయనకు తెలుసు. దించాల్సినవాడిని ముందు దించి, తాను తర్వాత దిగాడు. రథం ఏ స్థితిలో ఉందో తెలిసినవాడి బాధ్యత అది.

అమెరికాలో ఏ-10ల చుట్టూ ఉన్న మనుషులు ఇప్పటికే చెదిరిపోతున్నారు. మేరీల్యాండ్ ఎయిర్ నేషనల్ గార్డ్ 2025లో తన ఏ-10లను వదిలేసి సైబర్ యుద్ధ పనికి మళ్లింది. మిస్సోరీలో, అరిజోనాలో పైలట్లు ఇతర విమానాలకు, ఇతర పనులకు మారుతున్నారు. నేలమీద రేడియో పట్టుకున్నవాడి గొంతులోని భయాన్ని విని, ఏది కొట్టాలో, అంతకంటే ముఖ్యంగా ఏది కొట్టకూడదో తేల్చే నేర్పు వాళ్లలో నలభై ఏళ్లుగా పైలట్ నుంచి పైలట్‌కు నడిచి వచ్చింది. రెక్కలు మార్చినట్టు దాన్ని ఒక విమానం నుంచి ఇంకో విమానానికి బిగించలేరు. ఎఫ్-35 నడిపే పైలట్ గగనతల యుద్ధం, రాడార్లను ధ్వంసం చేయడం, దూరపు లక్ష్యాలు, అన్నీ నేర్చుకోవాలి. నేలమీది సైనికుడితో మాట్లాడటం అతడి పనుల్లో ఒకటి మాత్రమే. ఆ సాధనకు వారంలో ఎన్ని గంటలు దొరుకుతాయన్నది ఇప్పుడు శిక్షణ షెడ్యూళ్లు వేసే అధికారుల చేతుల్లో ఉంది.